మాస్టారు కత్తిరించిన కిటికీ

ఆయన జన్మలో ఎవరికీ పాఠం చెప్పలేదు. బట్టలు కోసేవాణ్ణి మాస్టారూ అని పిలవడం ఆ దుకాణంలో అలవాటు గనక మాస్టారయ్యాడు. ముందు గదిలో నిలువుటద్దాలు, వెనక గదిలో వరసగా కుట్టుమిషన్లు, రెంటికీ మధ్య ఆయన బల్ల. గుడ్డ పరిచి, సుద్దబిళ్ళతో నాలుగు గీతలు గీసి కత్తెర పెట్టాడంటే ఆ ముక్కని ఇంకెవరూ ముట్టుకోనక్కర్లేదు. కుట్టేవాళ్ళు తప్పు చేస్తే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు, కోసేవాడు తప్పు చేస్తే గుడ్డ గుడ్డంతా పోయినట్టేనని రోజుకోసారైనా అందరి చెవినా వేసేవాడు. తను తప్పు చెయ్యడని దాని అర్థం.

చెయ్యి ఎంత శుభ్రమైనదో నోరు అంత పాపిష్టిది. కొలతలు తీసుకునేటప్పుడు మనిషిని నిలబెట్టి, ముందు గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా "కుడి భుజం జారింది", "వీపు గూని", "పొట్ట ముందుకి, ఛాతీ లోపలికి" అని చెప్పేవాడు. కొత్త ఉద్యోగంలో చేరబోతూ కోటు కుట్టించుకోవడానికొచ్చిన ఒకబ్బాయితో, "ఒక చెయ్యి పొట్టి బాబూ నీకు. ఇంతకాలం ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. ఆ అబ్బాయి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. యజమాని మందలిస్తే, "నిజం చెప్పకపోతే కోటు ఎలా కుదురుతుందండీ?" అని ఎదురడిగాడు.

ఎగుడుదిగుడుగా ఉన్నదేదీ ఆయన కంటికి గిట్టేది కాదు. బస్సులో ముందు సీట్లో కూచున్న పరాయివాడి కాలరుకి దారప్పోగు వేలాడుతుంటే, జేబులోంచి బుల్లి కత్తెర తీసి టక్కున కోసేసేవాడు. వాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే, "ఏం లేదు, పోగు" అనేవాడు, తనేదో ఉపకారం చేసినట్టు.

అలాంటి మనిషికి లేకలేక పుట్టిన కూతురు మాట్లాడదు.

మూడో ఏడు నడుస్తోంది. చెవులు బాగున్నాయని పరీక్ష చేసి చెప్పారు. పిలిస్తే చూస్తుంది, చెప్పింది చేస్తుంది, కావలసింది వేలెత్తి చూపిస్తుంది. నోరు మాత్రం విప్పదు. ఒకరోజు దుకాణంలో గుండీలకి కాజాలు కుట్టే ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "మాస్టారూ, మీ పాపకి నోటి దగ్గర కాజా కొయ్యడం మర్చిపోయారా ఏంటి?" అంది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగి గది గదంతా గొల్లున నవ్వింది. అందరికీ వంకలు పెట్టే మనిషికి ఇన్నాళ్ళకి ఒకటి తగిలింది మరి. మాస్టారూ నవ్వాడు. నవ్వి, తలవంచుకుని కోసిన చొక్కాకి రెండు చేతులూ ఎడమవే వచ్చాయి.

ఆయన భార్య అద్దె కార్లు పంపే ఆఫీసులో ఫోను దగ్గర పని చేస్తుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియనివాళ్ళతో "చెప్పండి సార్, ఎక్కడికి సార్, ఐదు నిమిషాల్లో వస్తుంది సార్" అని గొంతు అరగదీసుకుని, ఇంటికొచ్చేసరికి ఆవిడకి పెదవి విప్పాలంటే విసుగు. కింద వాటాలో ఉండే మాస్టారి అక్కయ్యకి ఇది బాగా దొరికింది. "నీ పెళ్ళాం మాటలన్నీ ఫోన్లో అమ్ముకుని వస్తోందిరా. పిల్లకేం మిగిల్చింది?" అనేది, మరదలు మెట్లెక్కుతుంటే వినబడేలా.

"మీ అక్కయ్యగారి నోరు చూసి భయపడి పాప తన నోరు మూసుకుందేమో, అడగండి," అనేది ఆవిడ, తలుపు వేశాక. ఆ తలుపు పల్చనిదని ఆవిడకీ తెలుసు.

మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ నిదానంగా, ప్రతి ముక్కా విడదీసి చెప్పింది. "వేలు చూపించగానే అందించెయ్యకండి. పేరు చెప్పండి, ఆగండి. పాప అనేదాకా ఆగండి. ఒక్కసారి మాటతో అడిగిందా, ఆ క్షణమే అందాలి. మళ్ళీ అనమనకూడదు, ఆలస్యం చెయ్యకూడదు. అడిగితే దొరుకుతుందని దాని బుర్రకెక్కాలి. మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడకండి, చూస్తున్నదాన్ని చూడనివ్వండి." లేచేటప్పుడు మాత్రం తలెత్తకుండా చెప్పింది. ఎండలు ముదిరేలోగా ఒక్క మాటైనా రాకపోతే తలకి పెద్ద పరీక్షలు చెయ్యాలి, ఆ తర్వాత బడి కూడా మామూలు బడి కాదు, వేరే బడి.

ఆ వేరే బడిని దారిలోనే చూశారు. ఎత్తు గోడ, లోపల ఎక్కడా చప్పుడు లేదు.

ఆగడం అనే పద్ధతిని ఇంట్లో అందరికంటే బాగా ఒంటబట్టించుకున్నది అక్కయ్య. పాలగ్లాసు చేత్తో ఎత్తి పట్టుకుని, "పాలు అను. పా... అను, ఇస్తా" అనేది. పిల్ల వేలు చూపిస్తుంది, మునివేళ్ళ మీద లేస్తుంది, ఏడుస్తుంది, ఎక్కిళ్ళు పెడుతుంది. అక్కయ్య చెయ్యి దించదు. "నీ మంచికేనే తల్లీ" అంటూ, పాలు చల్లారి మీగడ కట్టేదాకా నిలబడేది. చివరికి పిల్ల గ్లాసు వంక చూడటమే మానేసింది. ఆకలేస్తే గోడకి తిరిగి పడుకునేది.

ఇది జరుగుతుండగానే చెట్లు చిగుర్లేశాయి. చలి విరిగి పొద్దుటి గాలికి కాస్త మెత్తదనం వచ్చింది, ఇంటి చుట్టూ ఎక్కడలేని సందడీ మొదలైంది. మాస్టారికి అంతవరకూ పిట్టల్లో కాకీ పిచ్చుకా తప్ప మూడోది తెలియదు. పాప తెల్లారకముందే లేచి బాల్కనీ గాజు తలుపుకి నుదురు ఆనించి నిలబడుతోందని గమనించి, తనూ పక్కన చతికిలబడ్డాడు. ఎదురింటి పిట్టగోడ మీద ఉడుతలు ఒకదాని తోక ఒకటి తరుముకునేవి. దీపస్తంభం మీద కాకుల జంట పుల్లలూ తీగముక్కలూ పోగేసి గూడు కట్టుకుంది. కనబడని కోకిల ఒకటి గొంతు పెంచుకుంటూ పోయి హఠాత్తుగా ఆపేసేది. నెత్తిన నల్లటి కొప్పూ, తోక కింద ఎర్రటి మచ్చా ఉన్న పిగిలిపిట్టలు రెండు ఎప్పుడూ జంటగా వచ్చి రెయిలింగు మీద వాలి, వీళ్ళిద్దరినీ తేరిపార చూసి పోయేవి.

"అదిగో, ఎర్రతోకమ్మ వచ్చింది. అదిగో... అదిగో..." అని ఆగేవాడు మాస్టారు. పాప ఊపిరి బిగపట్టేది. గాజు మీద ఆవిరి పరుచుకునేది. మాట రాలేదుగాని, పాలగ్లాసు ముందు ఏడ్చే పిల్ల ఇక్కడ ఏడవలేదు. ఆయనకి అదే పదివేలు. పనికి వెళ్ళేముందు ఆ కాసేపూ తండ్రీకూతుళ్ళకి లోకం పట్టేది కాదు. పిచ్చుకలు దుమ్ములో దొర్లి స్నానం చేస్తుంటే ఆయన పకపకా నవ్వేవాడు. ఎవరి భుజం జారిందో, ఎవరికి గూనో ఆ కాసేపు గుర్తొచ్చేది కాదు.

అక్కయ్య కుండీలోంచి పైకెగబాకిన కాగితంపూల తీగ వీళ్ళ బాల్కనీ మూలంతా గుబురుగా అల్లుకుంది. పిగిలిపిట్టలు అందులో గూడు కట్టాయి. సన్నటి వేళ్ళు, పుల్లలు, సాలీడు దారాలు, వాటి మధ్య మాస్టారి చొక్కాకి అంటుకుని ఇంటికొచ్చి రాలిన తెల్లదారం ముక్కలు. ఆయన ముళ్ళ మధ్యనుంచి మెడ చాచి చూసి పొంగిపోయాడు. "అంచు చూడు, ఎంత గుండ్రంగా తిప్పిందో! లోపల మెత్తగా లైనింగు కూడా వేసింది. మా వెనకగది వాళ్ళకి రాదీ పనితనం," అన్నాడు భార్యతో.

గుడ్లు పెట్టింది, పొదిగింది. పిల్లలు మూడు. ఒంటిమీద నూలుపోగంత ఈకలేదు, కళ్ళు తెరవలేదు, ఒళ్ళంతా నోరే. కొమ్మ కదిలితే చాలు, మెడలు వణికిస్తూ మూడు నోళ్ళూ ఒకేసారి తెరుచుకునేవి. లోపల ఎర్రగా, అంచున పచ్చగా. తల్లీ తండ్రీ వంతులేసుకుని పురుగులు తెచ్చి కూరేవి.

ఇదంతా మాస్టారికే కనిపించేది. పాప ఎత్తుకి ఆకులు అడ్డం. పిట్ట ముక్కున పురుగుతో వచ్చి గుబురులోకి దూరడం, ఖాళీ ముక్కుతో బయటికి రావడం, అంతే. ఎత్తుకుని బయటికి తీసుకెళ్తే పెద్దపిట్టలు గోలపెట్టి దగ్గరికే రావు. నోరు తెరిచి అరిస్తే తిండి దొరుకుతుందని డాక్టరమ్మ అంత డబ్బు పుచ్చుకుని చెప్పిన పాఠం, ఇంట్లో ఉచితంగా ఆకుల వెనక జరుగుతోంది, చూడవలసిన పిల్లకి కనబడటం లేదు. ఆ ఆలోచన మాస్టారి బుర్రలో పడ్డాక ఇక నిలవనివ్వలేదు.

సెలవురోజు పొద్దున్నే కత్తెర పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు.

"ఆకులు తీసేస్తే ఎండ తగలదూ వాటికి?" అంది భార్య లోపల్నుంచి.

"మెడ దగ్గర కాస్త తీస్తున్నానంతే. ఒళ్ళు ముట్టుకోను."

నిజంగానే చొక్కాకి మెడ కోసినట్టే కోశాడు. గాజు తలుపువైపు, స్టూలెక్కితే పాప కంటికి అందే ఎత్తున, ఒక్కో కాడా ఎంచుకుని, గూటికి కుదుపు తగలకుండా. గుండ్రటి కంత. అంచుల్లో ఒక్క ఆకు పెచ్చు లేదు. వెనక్కి జరిగి, తల పక్కకి వంచి చూసుకున్నాడు. కన్ను ఆ పనితనం మీదే ఉంది గనక, దీపస్తంభం మీది కాకి కూడా తల పక్కకి వంచి చూస్తోందని గమనించలేదు. దానికీ గూట్లో పిల్లలున్నాయి. దానికీ తిండి వేటే రోజంతా.

పాపని స్టూలు మీద నిలబెట్టారు. పిగిలిపిట్ట వచ్చింది, కొత్త కంతని చూసి బెదిరింది, రెండుసార్లు తిరిగి వెళ్ళింది, పిల్లల అరుపుకి ఉండబట్టలేక మూడోసారి వాలింది. మూడు నోళ్ళు తెరుచుకున్నాయి. గాజుకి ఇవతల పాప నోరు కూడా తెరుచుకుంది. "ఆ" అంది. ఏడుపు కాదు, మూలుగు కాదు, పిలుపు.

భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

కబురు కిందికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే అక్కయ్య పైకొచ్చి, కుర్చీ లాక్కుని, గాజు తలుపుకి ఎదురుగా కూచుంది. భార్య పనికి ఆలస్యంగా వస్తానని ఫోను చేసింది. మాస్టారు సరేసరి, దుకాణం ఊసే ఎత్తలేదు. పాప స్టూలు ఎక్కింది.

పిగిలిపిట్టలు రెండూ మేతకి వెళ్ళాయి. అప్పుడు రెయిలింగు మీద కాకి వాలింది.

అది తొందరపడలేదు. రెండు గెంతులు గెంతి, గుండ్రటి కంతలోంచి లోపలికి తొంగి చూసింది. కొమ్మ కదిలేసరికి మూడు నోళ్ళూ తెరుచుకున్నాయి.

మాస్టారు ఒక్క అంగలో వెళ్ళి గాజు తలుపు గడియ మీద చెయ్యేశాడు.

"కాకి," అంది పాప.

స్పష్టంగా, రెండక్షరాలూ. మాస్టారి చెయ్యి గడియ మీద ఉంది. ఆ చేతి మణికట్టుని భార్య పట్టుకుంది.

"ఆగండి."

"వదులు, అది పిల్లల్ని..." అన్నాడాయన.

"మాట్లాడుతోందండీ. అడ్డుపడొద్దన్నారు. ఆగండి."

కాకి తల లోపలికి పెట్టి ఒకదాన్ని తీసింది. మెడ పట్టుకుని తీసింది. కాళ్ళు గాల్లో ఆడుతుండగా దీపస్తంభం వైపు ఎగిరింది. అప్పుడే వచ్చిన పిగిలిపిట్టలు కేకలు పెడుతూ వెంటపడ్డాయి. పాప చప్పట్లు కొట్టింది.

"ఇంకోటి," అంది.

"ఒరేయ్, విన్నావా? ఇంకోటి అంటోందిరా! రెండో మాట!" అక్కయ్య కళ్ళు ఒత్తుకుంటూ కుర్చీలోంచి లేచింది. "కదలకండి. ఎవరూ కదలకండి. మరదలా, ఆ చెయ్యి వదలకు."

ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్క మాటమీదకి రావడం మాస్టారు అదే చూడటం.

కాకి తిరిగొచ్చింది. రెండోదాన్ని తీయడం మొదటిదాన్ని తీసినంత తేలికగా జరగలేదు. తల్లిపిట్ట వీపు మీద పడి పొడిచింది, గూడు ఒకవైపు ఒరిగింది, పిల్ల కాలు పుల్లలకి చిక్కింది. కాకి గుంజింది. గాజుకి ఇవతలికి వినబడకపోయినా, ఆ కాలు ఎక్కడ తెగిందో మాస్టారి వేళ్ళకి తెలిసింది. పాప పడీపడీ నవ్వింది. పుట్టాక అంత నవ్వు ఆ పిల్ల నవ్వలేదు.

"ఇంకోటి!"

ఈసారి కాకి రాలేదు. పిగిలిపిట్టల గోలకి పిచ్చుకలు జతకలిశాయి, ఉడుతలు గోడమీద నిలబడి కీచుమన్నాయి. కాకి ఎదుటి తీగ మీద కూచుని ముక్కు రుద్దుకుంటోంది, దగ్గరికి రావడానికి జంకుతోంది. గూట్లో మిగిలిన ఒక్క పిల్లా అడుక్కి అంటుకుపోయింది. పెద్దపిట్టల్లో ఒకటి రెక్కలు విప్పి దాని మీద కప్పింది.

"ఇంకోటి," అంది పాప మళ్ళీ. గొంతు తగ్గింది. నాన్న వంక చూసింది. "ఇంకోటి..."

పిల్ల కింది పెదవి వంకర తిరగబోతోంది. ఆ పెదవి ఎలా మూసుకుంటుందో, మూసుకున్నాక పిల్ల గోడకి ఎలా తిరుగుతుందో ముగ్గురికీ తెలుసు.

"అడుగుతోందండీ," అంది భార్య. మణికట్టు వదిలేసింది. "మాటతో అడుగుతోంది."

మాస్టారు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు. అక్కయ్య చూపు నేలకి దించుకుంది.

ఆయన గడియ తీసి బాల్కనీలోకి వెళ్ళాడు. కాగితంపూల గుబురు దగ్గర నిలబడి, చెయ్యెత్తి, "హుష్" అన్నాడు. కాకిని కాదు. గూటిని కప్పుకున్న పిట్ట ఎగరలేదు. ఇన్నాళ్ళూ గాజు వెనక కూచుని చూసిన మనిషే గనక భయపడలేదు. ఆయన దాని రెక్క కింద చెయ్యి పెట్టి లేపేశాడు. అది ఎగిరి ఎదురింటి గోడమీద పడింది. ఆయన లోపలికొచ్చి తలుపు వేసి, గడియ పెట్టి, గాజుకి వీపు ఆనించి నిలబడ్డాడు. కూతురి మొహం చూస్తే చాలు, బయట ఏం జరుగుతోందో తెలిసిపోతోంది.

మొహం వెలిగింది.

తర్వాత పాప ఇంకోటి అంటే, "అయిపోయాయి తల్లీ" అంది అక్కయ్య. తల్లి వెంటనే మోకాళ్ళ మీద కూచుని, పిల్ల గడ్డం పట్టుకుని, "అయి... పోయాయి. అను. అయి..." అంది. "అయిపోయాయి," అంది పాప. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

ఆ రోజంతా పిగిలిపిట్ట ఒకటి పచ్చపురుగుని ముక్కున పెట్టుకుని వస్తూనే ఉంది. అంచుమీద వాలుతుంది, వంగి చూస్తుంది, తల ఎత్తి పిలుస్తుంది, మళ్ళీ వంగి చూస్తుంది. మాస్టారు పరదా వెయ్యబోయాడు. "ఉండనివ్వండి, పాప చూస్తోందిగా," అంది భార్య. అక్కయ్య వీధి వీధంతా తిరిగి చెప్పొచ్చింది, పాపకి మాటలొచ్చాయని. మర్నాడు దుకాణంలో కాజాల ఆవిడ కూడా, "పోనీలెండి మాస్టారూ, ఆలస్యంగానైనా కోశారు" అని సంతోషించింది. ఆయన తలూపి గుడ్డ పరిచాడు. ఆ రోజు కోసిన ప్రతి ముక్కా వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది.

మళ్ళీ తీసుకెళ్తే, డాక్టరమ్మ పాపని ఒళ్ళో కూచోబెట్టుకుని బొమ్మల పుస్తకం తిప్పింది. కాకి అంది పాప. ఇంకోటి అంది. అయిపోయాయి అంది. కుక్క బొమ్మ దగ్గరా, బంతి దగ్గరా ఏమీ అనలేదు. అయినా డాక్టరమ్మ మురిసిపోయింది. పెద్ద పరీక్షల మాట ఇప్పుడు అక్కర్లేదంది.

"ఎలా వచ్చాయమ్మా మాటలు? ఏం చేశారు?"

"బాల్కనీలో పిట్టల్ని చూపించామండీ," అంది భార్య.

"చూశారా! నేను చెప్పలా, ఇష్టమైనది చూపిస్తే మాట దానంతటదే వస్తుందని? చాలా మంచి పని చేశారు. ఇదే కొనసాగించండి. మధ్యలో ఆపితే మాత్రం వచ్చిన మాటలు కూడా వెనక్కిపోతాయి, జాగ్రత్త."

"అలాగేనండీ," అన్నాడు మాస్టారు.

ఇంటికి నడిచే వస్తున్నారు. పాప తండ్రి భుజం మీద ఉంది. పొద్దుటినుంచి ఒక్క మాటా కొత్తది అనలేదు, ఉన్న మూడింటిలో కూడా గొంతు పలచబడినట్టు ఇద్దరికీ అనిపిస్తోంది, ఇద్దరూ పైకి అనడం లేదు. దారి పక్కన నడుమెత్తు కంచె, దట్టంగా కొత్త చిగుళ్ళు. చిన్న పిట్ట ఒకటి ముక్కున గడ్డిపరకతో వచ్చి అందులోకి దూరింది. మాస్టారు చూశాడు. చూడనట్టు అడుగు సాగించాడు.

భార్య ఆగింది. వెనక్కి నడిచింది. రెండు చేతులతో ఆకులు మెల్లగా విడదీసి, ముళ్ళు గీసుకుంటున్నా పట్టించుకోకుండా, లోపలికి చూసింది.

"ఇంకా కడుతోందండీ," అంది. "కొన్నాళ్ళు పడుతుంది."